చనుమొన నుంచి స్రావం: కణ పరీక్షకు నమూనా సేకరణ, నివేదిక అర్థం

పాలిచ్చే దశలో లేని స్త్రీకి చనుమొన నుంచి నీరు, నెత్తురు లేదా మరేదైనా ద్రవం కారుతున్నప్పుడు, ఆ ద్రవపు చుక్కను గాజు పలకపై పూసి, రంగులద్ది, అందులోని కణాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించే పద్ధతిని చనుమొన స్రావ కణ పరీక్ష అంటారు. ఆసుపత్రి చీటీలలో ఇది ‘నిపుల్ డిశ్చార్జ్ సైటాలజీ’ అనే పేరుతో కనిపిస్తుంది. ఇందులో సూది గుచ్చడం, కోత పెట్టడం ఉండవు. నమూనా తీయడానికి కొద్ది నిమిషాలు చాలు. అయితే ఇంత తేలికగా జరిగిపోయే పరీక్ష అంతే తేలికగా పాడవుతుంది కూడా. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. నివేదికలో ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అని వచ్చినంత మాత్రాన రొమ్ములో క్యాన్సర్ లేదని అర్థం కాదు.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే ఆలస్యం ఎక్కడైనా ప్రమాదమే. సొంత ఊరికి దూరంగా బతికే కుటుంబాలలో ఆ ఆలస్యానికి అవకాశం మరింత ఎక్కువ. గుజరాత్‌లోని సూరత్ నగరంలో తెలంగాణ నుంచి, ముఖ్యంగా నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి తరలివచ్చిన చేనేత కుటుంబాలు తరాలుగా మరమగ్గాలపై ఆధారపడి జీవిస్తున్నాయి. లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా పరిసరాల్లో తెలుగు మాట వినిపించే వీధులు అనేకం. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి ఇతర భాషలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. మగవారు మగ్గాల ‘పాళీ’లలో పన్నెండేసి గంటలు పనిచేస్తుంటే, నగరంలోని కార్మికవాడల్లో చాలామంది స్త్రీలు ఇంటి వద్దనే చీరలకు లేసు కుట్టడం, రాళ్ళు అతికించడం, దారాలు కత్తిరించడం వంటి పనులు చేస్తుంటారు. లెక్కకు ముక్కకింత చొప్పున కూలి దొరికే పని అది. రవికపై చిన్న మరక కనిపించిందని ఒక పూట కూలి వదులుకొని ఆసుపత్రికి వెళ్ళే వీలు వారిలో ఎందరికి ఉంటుందో ఊహించవచ్చు. ‘పండక్కి ఊరికి వెళ్ళినప్పుడు చూపించుకుందాం’ అనే మాట అక్కడి నుంచే పుడుతుంది.

ఏది సహజం, ఏది కాదు

రొమ్ముకు సంబంధించి స్త్రీలు వైద్యుల వద్దకు తెచ్చే సమస్యల్లో నొప్పి, గడ్డల తరువాతి స్థానం చనుమొన స్రావానిదే. వీటిలో అధిక భాగం ప్రమాదకరమైనవి కావు. బిడ్డకు పాలు మాన్పించిన తరువాత కూడా నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటినా, నొక్కినప్పుడు పాల చుక్క కనిపించడం సహజమే. రెండు వైపులా, పలు రంధ్రాల నుంచి, నొక్కితే మాత్రమే వచ్చే పాలవంటి, పసుపు, ఆకుపచ్చ స్రావాలు సాధారణంగా హార్మోన్ల వల్ల గాని, నడివయసులో పాల నాళాలు వెడల్పు కావడం వల్ల గాని కలుగుతాయి.

రెండు వైపులా పాలు తమంతట తాముగా కారుతుంటే వైద్యులు ముందుగా గర్భం ఉందేమో చూస్తారు. తరువాత ప్రొలాక్టిన్, థైరాయిడ్ రక్త పరీక్షలు రాస్తారు. వాడుతున్న మందుల చీటీ కూడా అడుగుతారు. వాంతులకు, కడుపు ఉబ్బరానికి విరివిగా వాడే డొంపెరిడోన్, మెటాక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ వంటి మందులు, రిస్పెరిడోన్ వంటి మానసిక వ్యాధుల మందులు ప్రొలాక్టిన్‌ను పెంచి పాలు కారేలా చేయగలవు. గ్యాస్ మాత్ర అని దుకాణంలో కొనుక్కున్న దానిలోనే ఇవి కలిసి ఉండవచ్చు. అటువంటప్పుడు కణ పరీక్షతో పని ఉండదు.

వైద్యులను అప్రమత్తం చేసే లక్షణాలు వేరు. స్రావం ఒకే రొమ్ము నుంచి, అందులోనూ ఒకే రంధ్రం నుంచి రావడం; నొక్కకుండానే తనంతట తాను కారి బట్టపై మరకై కనిపించడం; నెత్తురు రంగులో గాని, లేత గులాబీ రంగులో గాని, తేట నీళ్ళలా గాని ఉండడం; దానితో పాటు గడ్డ, చర్మం లోపలికి లాగుకుపోవడం, చనుమొన కొత్తగా లోపలికి తిరగడం. వయసు యాభై దాటినవారిలో ఈ లక్షణాల బరువు ఇంకా పెరుగుతుంది. ఇటువంటి అనుమానాస్పద స్రావాలకు కూడా అత్యధిక సందర్భాల్లో కారణం నాళంలో పెరిగే పాపిల్లోమా అనే హానిలేని పులిపిరివంటి పెరుగుదలే. అయినా వీటిలో సుమారు 5 నుంచి 15 శాతం మందిలో అంతర్లీనంగా క్యాన్సర్ బయటపడుతుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. తరచుగా అది నాళం గోడలు దాటని తొలిదశలో ఉంటుంది. అప్పటికి గడ్డ చేతికి తగలదు, నొప్పి ఉండదు. ఆ దశలో వ్యాధి బయటికి పంపే ఏకైక గుర్తు కొన్నిసార్లు ఆ మరకే.

గర్భిణులలో చివరి నెలల్లోను, ప్రసవమైన తొలి రోజుల్లోను రెండు వైపులా తుప్పురంగు స్రావం కనిపించవచ్చు. రొమ్ముకు రక్తప్రసరణ ఒక్కసారిగా పెరగడం దీనికి కారణం. చాలామందిలో అది కొన్ని రోజుల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఆగకపోతే పరీక్ష అవసరం. పురుషులలో చనుమొన నుంచి స్రావం రావడం అరుదు. నెత్తురు కలిసి వస్తే మాత్రం అది స్త్రీలలో కంటె ఎక్కువ అనుమానించవలసిన లక్షణం. రొమ్ము క్యాన్సర్ మగవారికి రాదన్న నమ్మకం సరికాదు.

చీము వంటి స్రావం, జ్వరం, వాపు ఉంటే మార్గం మారుతుంది. అప్పుడు ద్రవాన్ని సూక్ష్మజీవుల పరీక్షకు పంపుతారు. మన దేశంలో రొమ్ముకు క్షయ సోకడం అరుదే అయినా లేకపోలేదు గనుక, మానని పుండు, చీము ఉన్నవారి నమూనాలో క్షయ క్రిమి కోసం కూడా చూస్తారు.

పరీక్షకు వెళ్ళేముందు

నమూనా ఇవ్వవలసిన స్త్రీ ఇంటి వద్ద పాటించవలసినవి కొన్నే. వాటిలో మొదటిది, వస్తోందా లేదా అని పదే పదే నొక్కి చూసుకోకపోవడం. నొక్కిన కొద్దీ స్రావం ఊరుతుంది. హానిలేని స్రావం కూడా ఆగకుండా పోతుంది. పైగా పరీక్ష సమయానికి నాళంలో ద్రవం మిగలదు. ఆ రోజు రొమ్ముపై పౌడరు, నూనె, పసుపు, లేపనం ఏదీ రాయకూడదు. పౌడరు రేణువులు, నూనె పొర గాజు పలకపై కణాలను కప్పేస్తాయి. స్నానం మామూలుగా చేయవచ్చు. ఉపవాసం అక్కరలేదు.

మరకైన తెల్లని నూలుబట్ట ఉంటే ఉతకకుండా వెంట తీసుకువెళ్ళడం మంచిది. ముదురు ఆకుపచ్చ స్రావం చర్మంపై నల్లగానో, నెత్తురులానో కనిపించి భయపెడుతుంది. తెల్లని బట్టపైనో, దూదిపైనో దాని అసలు రంగు తెలుస్తుంది. సూరత్‌లో చాలామంది ధరించే రంగురంగుల పాలిస్టరు బట్టలపై ఆ తేడా కనిపించదు.

చివరిసారి నెలసరి వచ్చిన తేదీ, గర్భం, పాలివ్వడం, గర్భనిరోధక మాత్రలు, వాడుతున్న ఇతర మందులు, గతంలో రొమ్ముకు జరిగిన శస్త్రచికిత్స, తల్లికి గాని అక్కచెల్లెళ్ళకు గాని రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ వివరం, ఇవన్నీ వైద్యునికి చెప్పాలి. ఇది లాంఛనం కాదు. గర్భిణి, బాలింత రొమ్ములోని కణాలు సహజంగానే పెద్దవై, చురుకుగా కనిపిస్తాయి. ఆ సంగతి చీటీలో లేకపోతే ప్రయోగశాలలో వాటిని అనుమానాస్పద కణాలుగా పొరబడే ప్రమాదముంది.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మగ్గాల మీద, మార్కెట్లో సరిపోయే హిందీ, గుజరాతీ మాటలు పరీక్ష గదిలో సరిపోవు. చాలామంది సిగ్గుతో ‘ఛాతీలో బాధ’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటారు. అప్పుడు పరీక్ష గుండెవైపు, ఊపిరితిత్తులవైపు వెళుతుంది. గుజరాతీలో రొమ్మును ‘స్తన్’ అనీ, చనుమొనను ‘డీంటడీ’ అనీ, నెత్తురును ‘లోహీ’ అనీ, నీటిని ‘పాణీ’ అనీ అంటారు. ఈ నాలుగు మాటలతో పాటు, ఏ వైపు నుంచి, నొక్కకుండానే వస్తోందా అన్న రెండు సంగతులు చెప్పగలిగితే వైద్యునికి కావలసిన సమాచారంలో ముఖ్యమైన భాగం అందినట్టే. మహిళా వైద్యురాలు కావాలని, లేదా పరీక్ష జరిగేటప్పుడు మహిళా సిబ్బంది గదిలో ఉండాలని అడగడం రోగికి ఉన్న హక్కు.

నమూనా ఎలా తీస్తారు

ముందుగా వైద్యులు రెండు రొమ్ములను, చంకలను పరీక్షిస్తారు. ఏ చోట నొక్కితే స్రావం వస్తోందో గడియారపు ముల్లు స్థానంతో గుర్తిస్తారు. ‘కుడి రొమ్ము, రెండు గంటల స్థానం’ అన్నట్టుగా చీటీపై రాస్తారు. తరువాత జరిగే స్కానింగుకు, అవసరమైతే శస్త్రచికిత్సకు ఈ ఒక్క వాక్యం దారి చూపుతుంది.

సిబ్బంది చేతి తొడుగులు వేసుకొని, సెలైను నీటితో గాని గోరువెచ్చని నీటితో గాని తడిపిన గాజుగుడ్డతో చనుమొనను తుడుస్తారు. రంధ్రాల వద్ద గడ్డకట్టిన పెచ్చులు ఉంటే మెల్లగా తొలగిస్తారు. లేకపోతే గాజు పలకపైకి నాళంలోని కణాలకు బదులు చర్మపు పొట్టు చేరుతుంది. తుడిచిన చోటును ఆరనిస్తారు. తరువాత చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం అంచున బొటనవేలు, చూపుడువేలు ఉంచి, బయటి నుంచి మొనవైపు మృదువుగా ఒత్తుతారు. నొప్పి కలిగేంతగా పిండవలసిన అవసరం లేదు. గట్టిగా పిండితే నాళం గోడ చిట్లి లేని నెత్తురు కనిపించవచ్చు. ఎంత మెల్లగా ఒత్తినా చుక్క రాకపోతే ప్రయత్నం ఆపి, మరో రోజు రమ్మనడమే సరైన పద్ధతి.

బఠాణీ గింజ కంటె చిన్న చుక్క మొనపై నిలిచిన వెంటనే గాజు పలకను దానికి తాకించి, ఒక్క ఊపులో పక్కకు లాగుతారు. పలుచని పూత ఏర్పడుతుంది. దీన్నే స్మియర్ అంటారు. తొలిచుక్కలో నాళంలో చాలాకాలంగా నిలిచిన చివికిన కణాలు ఎక్కువ. తరువాత వచ్చే చుక్కల్లో, ముఖ్యంగా చివరివాటిలో, తాజా కణాలు ఉండే అవకాశం ఎక్కువ. అందువల్ల ఒక పూతతో సరిపెట్టుకోకుండా, స్రావం వచ్చినంత మేరకు నాలుగు నుంచి ఆరు పలకలు తయారు చేయడం మంచిది. రెండు రొమ్ముల నుంచి స్రావం ఉంటే దేని పలకలు దానికి వేరుగా ఉంచాలి.

ఆ తరువాతి కొద్ది క్షణాలే ఈ పరీక్షలో అసలు కీలకం. గాజుపై పరిచిన కణం గాలికి ఆరిపోయిందంటే దాని కేంద్రకం ఉబ్బి, అంచులు చెదిరి, రంగు సరిగా పట్టదు. అటువంటి పూతలో మంచి కణాన్ని చెడుకణం నుంచి వేరుచేయడం నిపుణులకు కూడా కష్టమే. అందుకే పూత వేసిన మరుక్షణం, అది తడిగా ఉండగానే, పలకను 95 శాతం ఇథైల్ ఆల్కహాలులో ముంచుతారు. లేదా ఒక జానెడు దూరం నుంచి స్థిరీకరణ ద్రవాన్ని చిమ్ముతారు. సీసా మూత ముందే తీసి పక్కన పెట్టుకోవడం, గదిలో ఫ్యాను ఆపడం వంటివి చిన్న జాగ్రత్తలుగా కనిపిస్తాయి. వేసవిలో తిరిగే ఫ్యాను కింద పలుచని పూత ఆరడానికి ఎంతోసేపు పట్టదు. పలకలు ఆల్కహాలులో కనీసం పదిహేను నిమిషాలు ఉండాలి. ఒకదానికొకటి అతుక్కోకుండా పలకకొక కాగితపు క్లిప్పు తగిలించే అలవాటు పలు ప్రయోగశాలల్లో ఉంది. గీమ్సా రకం రంగులు వాడే చోట ఒకటి రెండు పలకలను కావాలనే గాలికి ఆరబెడతారు. అటువంటి వాటిపై ‘ఆరబెట్టినది’ అని విడిగా రాయాలి.

పలకపై పేరు, రొమ్ము వైపు, తేదీ రాయడానికి వాడవలసింది పెన్సిలు. సిరాతో రాస్తే ఆల్కహాలులో కరిగిపోతుంది. అప్పుడు ఆ పూత ఎవరిదో, కుడివైపుదో ఎడమవైపుదో చెప్పగలిగేవారు ఉండరు. గాజుకు ఒక చివరన ఉండే గరుకు భాగం పెన్సిలు రాత కోసమే. మరో జాగ్రత్త ఫార్మలిన్‌కు సంబంధించినది. ముక్క పరీక్షకు పంపే కండను ఫార్మలిన్‌లో ఉంచుతారు గాని, కణ పరీక్ష పలకలకు అది పనికిరాదు. ఫార్మలిన్ సీసాతో కలిపి ఒకే సంచిలో పెట్టిన ఆరబెట్టిన పలకలు దాని ఆవిరికే పాడవుతాయి. నమూనాను రోగి బంధువుల చేతికిచ్చి మరో ప్రయోగశాలకు పంపేటప్పుడు ఈ విషయం చెప్పడం సిబ్బంది బాధ్యత.

స్రావం ఎక్కువగా ఉంటే కొంత ద్రవాన్ని చిన్న సీసాలో పట్టి పంపవచ్చు. ప్రయోగశాలలో దాన్ని యంత్రంలో వేగంగా తిప్పి, అడుగున చేరిన కణాలతో పూత వేస్తారు. చనుమొన చర్మమే గజ్జిలా పొట్టు రాలుతూ, పుండుగా ఉంటే స్రావంతో పాటు ఆ పుండు ఉపరితలాన్ని గీకి విడిగా పలక తయారు చేస్తారు. పేజెట్ వ్యాధి అనే ఒక రకం రొమ్ము క్యాన్సర్ సరిగ్గా గజ్జిని పోలి ఉంటుంది. ఒకే చనుమొనపై వారాల తరబడి మానని గజ్జికి లేపనాలు మారుస్తూ కాలం గడపడం ప్రమాదకరం.

నమూనా తీసిన తరువాత విశ్రాంతి అవసరం లేదు. నెత్తురు స్రావం ఉన్నవారు ఒక చిన్న దూదిపట్టీ పెట్టుకుంటే చాలు.

నివేదికలోని మాటలు

రంగులద్దిన పలకపై పాథాలజిస్టుకు సాధారణంగా కనిపించేవి నురగవంటి కణాలు, కొద్దిపాటి నాళ కణాలు, ఎర్ర రక్తకణాలు, వాపును సూచించే తెల్ల కణాలు. నాళ కణాలు బొప్పాయి గింజల్లా గుత్తులుగా, వేలి ఆకారపు చీలికలుగా కనిపిస్తే పాపిల్లోమా అనుమానిస్తారు. కేంద్రకాలు పెద్దవై, ఆకారం తప్పి, ముదురు రంగులో విడివిడిగా ఉంటే అనుమానం క్యాన్సర్ వైపు మళ్ళుతుంది.

నివేదికలు పలు చోట్ల అయిదు తరగతులుగా వస్తాయి: నమూనా చాలలేదు, హానిలేనిది, అసాధారణ కణాలు, అనుమానాస్పదం, క్యాన్సర్. వీటిలో ఎక్కువగా పొరబాటుగా అర్థం చేసుకునేది మొదటిది. ‘చాలలేదు’ అంటే ‘ఏమీ లేదు’ అని కాదు. చూడడానికి తగినన్ని కణాలు దొరకలేదని మాత్రమే. స్రావంలో కణాలు తక్కువగా ఉండడం ఈ పరీక్షలో తరచు ఎదురయ్యే సమస్య. అప్పుడు నమూనా మళ్ళీ ఇవ్వాలి, లేదా నేరుగా ఇతర పరీక్షలకు వెళ్ళాలి.

‘క్యాన్సర్’ అని వచ్చినా ఈ ఒక్క నివేదికపై ఆధారపడి రొమ్ము తొలగించరు. ముక్క పరీక్షతో నిర్ధారణ తప్పనిసరి. పాపిల్లోమా కణాలు కొన్నిసార్లు క్యాన్సర్ కణాలను తలపిస్తాయి. వ్యాధి నాళంలోనే ఉందా, గోడ దాటిందా అనేది కూడా కణ పరీక్ష చెప్పలేదు.

ఇక ‘హానిలేనిది’ అన్న మాట. ఉన్న క్యాన్సర్లలో సగాన్ని కూడా ఈ పరీక్ష పట్టుకోలేకపోయిన అధ్యయనాలున్నాయి. కారణం సులభంగానే అర్థమవుతుంది. క్యాన్సర్ కణాలు నాళంలోకి రాలితేనే, రాలినవి చివికిపోకుండా మొన దాకా వస్తేనే, వచ్చినవి ఆ రోజు తీసిన చుక్కలో ఉంటేనే పలకపై కనిపిస్తాయి. ఈ మూడింటిలో ఏది జరగకపోయినా నివేదిక నిర్మలంగా వస్తుంది. ఒకే రంధ్రం నుంచి నెత్తురు కారుతున్న స్త్రీకి హానిలేని నివేదిక వచ్చినప్పుడు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి నిశ్చింతగా ఉండడం కంటె, అసలు పరీక్షే చేయించుకోకపోవడం నయమనిపించే సందర్భాలు ఉంటాయి. పరీక్ష చేయించుకోనివారికి కనీసం భయమైనా మిగులుతుంది. కొన్ని దేశాల వైద్య మార్గదర్శకాలు ఈ కారణంగానే దీన్ని అందరికీ మామూలుగా చేయవలసిన పరీక్షల జాబితాలో చేర్చలేదు. ఇతర పరీక్షలకు తోడుగా, ఖర్చు తక్కువ గనుక, మన ఆసుపత్రులలో దీని వాడకం కొనసాగుతోంది. తోడు అన్న మాట ఇక్కడ ముఖ్యం.

అనుమానాస్పద స్రావం ఉన్న ప్రతి స్త్రీకి అల్ట్రాసౌండ్, వయసును బట్టి మామోగ్రామ్ చేయాలి. అవి కూడా మామూలుగా ఉండి స్రావం కొనసాగితే ఎం.ఆర్.ఐ. చేయడం గాని, స్రావం వచ్చే నాళాన్ని మాత్రమే తొలగించి పరీక్షించే చిన్న శస్త్రచికిత్స గాని చేస్తారు. మైక్రోడోకెక్టమీ అనే ఈ శస్త్రచికిత్సలో వలయం అంచున చిన్న కోత పెడతారు. రొమ్ము ఆకారం దాదాపు మారదు. కారణం తెలియడం, స్రావం ఆగడం రెండూ దీనితోనే జరుగుతాయి.

ఒకనాటి ఆశ

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను కనిపెట్టే ‘పాప్’ పరీక్షకు ఆద్యుడైన జార్జ్ పాపనికొలావు 1958లో సహచరులతో కలిసి రొమ్ము స్రావపు కణాలపై ఒక విస్తృత పత్రం ప్రచురించారు. గర్భాశయం విషయంలో కణ పరీక్ష సాధించినది రొమ్ము విషయంలోనూ సాధ్యమవుతుందేమోనన్న ఆశ అప్పట్లో ఉండేది. అది నెరవేరలేదు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో చాలామందికి స్రావమే రాదు. వచ్చినా కణాలు చాలవు. 1963లో న్యూయార్క్‌లో మొదలైన పెద్ద అధ్యయనం తరువాత ముందస్తు తనిఖీ మామోగ్రామ్ వైపు మళ్ళింది. అయినా ఆ పాత ఆశను వ్యాపారంగా మార్చే ప్రయత్నాలు ఆగలేదు. చిన్న పంపుతో చనుమొన నుంచి ద్రవం లాగి, మామోగ్రామ్‌కు బదులుగా ఇది చాలునని ప్రచారం చేయడంపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ప్రజలను హెచ్చరించింది. ఆ పద్ధతి ఒక్కదానితోనే రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టగలమనడానికి ఆధారం లేదని ప్రకటించింది. ఆరోగ్య తనిఖీ ప్యాకేజీల పేరుతో ఇటువంటి పరీక్ష ఎవరైనా అంటగట్టబోతే స్రావం లేని స్త్రీకి దాని అవసరమే లేదని గుర్తుంచుకోవాలి.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఏడాది సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ సోకింది. సుమారు 98,000 మంది మరణించారు. ఆలస్యంగా ఆసుపత్రికి చేరడం ఇంతటి మరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటి. జాతీయ కార్యక్రమం కింద 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలందరికీ అయిదేళ్ళకొకసారి ఆరోగ్య సిబ్బంది చేతితో రొమ్ము పరీక్ష చేయాలని 2016లో రూపొందించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నగరపాలక సంస్థ ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష అడిగి చేయించుకోవచ్చు. స్రావం సంగతి అప్పుడు చెప్పడానికి వేరే సందర్భం వెతుక్కోనక్కరలేదు.

సూరత్‌లో, సొంత ఊరిలో

సూరత్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా మజూరా గేట్ వద్ద న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో ఉమర్‌వాడాలో బాంబే మార్కెట్ ఎదుట స్మీమేర్ ఆసుపత్రి ఉన్నాయి. చీరల మార్కెట్టుకు వచ్చిపోయేవారికి రెండోది తెలిసిన చోటే. ఇటువంటి బోధనాసుపత్రులలో ముందుగా శస్త్రచికిత్స విభాగపు బయటిరోగుల గదిలో చూపించుకోవాలి. నేరుగా ప్రయోగశాలకు వెళ్ళి స్రావ పరీక్ష మాత్రమే చేయమని అడగడం వల్ల ప్రయోజనం తక్కువ. క్యాన్సర్ నిర్ధారణ అయినవారికి నగరంలోని క్యాన్సర్ ఆసుపత్రులతో పాటు, అహ్మదాబాద్ సివిల్ ఆసుపత్రి ప్రాంగణంలో ఉన్న గుజరాత్ క్యాన్సర్ పరిశోధన సంస్థ అందుబాటులో ఉంది.

ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కార్డు ఏ రాష్ట్రంలో తీసుకున్నా, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో దేశమంతటా చెల్లుతుంది. కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల రూపాయల దాకా వర్తించే ఈ పథకం ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు ఉద్దేశించినది. బయటిరోగిగా చేయించుకునే కణ పరీక్ష, స్కానింగు ఖర్చులు సాధారణంగా దాని కిందికి రావు.

చికిత్స కోసం సొంత రాష్ట్రానికి వెళ్ళదలచినవారు నివేదిక కాగితంతో పాటు గాజు పలకలను కూడా అడిగి తీసుకువెళ్ళాలి. రంగులద్దిన పలక ఏళ్ళ తరబడి నిలుస్తుంది. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట అవే పలకలను మరొక పాథాలజిస్టు తిరిగి చూడగలరు. ముక్క పరీక్ష జరిగి ఉంటే మైనపు దిమ్మెలను కూడా అడగాలి. సంతకం చేయించుకొని ఇస్తారు. మామోగ్రామ్ ఫిల్ములు, స్రావం వచ్చే స్థానం రాసిన వైద్యుని చీటీ కలిపి, పలకలు పగలకుండా గట్టి అట్టపెట్టెలో ఉంచి రైల్లో చేతిసంచిలోనే తీసుకువెళ్ళడం మేలు.